"అయిదు రోజులే కదా, తీసేయ్ అంటున్నారు"

ఈ వారం ఉత్తరం రాసిన పాఠకురాలు పేరూ ఊరూ వేయవద్దని కోరారు. వయసు ముప్పై ఎనిమిది. ఒక బడిలో లెక్కలు చెబుతారు. పెళ్ళయి పదహారేళ్ళు. పద్నాలుగేళ్ళ కూతురు, తొమ్మిదేళ్ళ కొడుకు. భర్త, మరిది కలిసి వ్యాపారం చేస్తారు. ఈ ఏడు చేతిలో నాలుగు డబ్బులు ఆడడంతో రెండు కుటుంబాలూ, అత్తగారితో సహా, జనవరిలో థాయిలాండ్ వెళ్ళాలనుకున్నారు. ఆ దేశపు దక్షిణాన, క్రాబీ పట్నానికి దగ్గరలో రైలే అనే చిన్న ద్వీపకల్పం ఉంది. అక్కడ సముద్రం ఒడ్డునే అయిదు రాత్రులకు గదులు తీసుకున్నారు. విమానం టికెట్లకు డబ్బు కట్టేశారు. గదులను మాత్రం డిసెంబరు 20 లోపు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వస్తుంది.

"మరిది ఫోనులో ఆ తీరం ఫొటోలు చూపించిన రోజు నుంచీ నా మనసు మనసులో లేదు" అని రాశారామె. ఏడేళ్ళ క్రితం, తండ్రి పోయిన తర్వాత, తనంతట తానే హిజాబ్ మొదలుపెట్టారు. వేసుకోమని ఎవరూ చెప్పలేదు, వద్దని ఎవరూ అనలేదు. ఇప్పుడు భర్త అంటున్నారట: "అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళెవరూ ఉండరు. అయిదు రోజులే కదా, తీసేయ్. లేకపోతే అందరూ నిన్నే చూస్తారు." తోడికోడలు హిజాబ్ వేసుకోదు, ఆమెతో ఏ పేచీ లేదు. కానీ ఒక రాత్రి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తుంటే మరిది మాట చెవిన పడింది: "వదిన వస్తే సగం రోజు ఆమె నమాజుకీ ఆమె తిండికీ ఆగడంతోనే సరిపోతుంది." కూతురు నేరుగానే చెప్పేసింది: "అమ్మీ, ఒళ్ళంతా కప్పే ఆ ఈత బట్టలు వేసుకుని నా పక్కన నీళ్ళలోకి రాకు." అరవై ఏడేళ్ళ అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆమెకూ ప్రయాణం ఇష్టమే, కానీ "పంది మాంసం తగిలిన బాణలిలో వండింది ముట్టను, రొట్టె, అరటిపండ్లతో గడిపేస్తాను" అంటున్నారు. థాయిలాండ్ పేరు వినగానే మేనమామ ముఖం చిట్లించి ఊరుకున్నారట. ఆ మౌనమే తనను ఎక్కువ బాధపెట్టిందని రాశారు.

చివర మూడు ప్రశ్నలు అడిగారు. "నేను మానేసి వాళ్ళను పంపితే అందరికీ హాయి కదా? లేక ఆయన చెప్పినట్టు చేయనా? నేను నాలాగే వెళ్తే అక్కడివాళ్ళు నన్ను ఎలా చూస్తారు?"

ముందుగా మీ మూడో ప్రశ్న తీసుకుంటాను. మిగతా రెండూ దాని మీదే నిలబడి ఉన్నాయి.

మూడేళ్ళ క్రితం ఒక స్నేహితురాలితో కలిసి ఆ ప్రాంతానికి వెళ్ళి ఆరు రోజులు ఉన్నాను. ఆమె మీలాగే హిజాబ్ వేసుకుంటుంది. రైలేకు దగ్గరలోనే, రోడ్డు వెళ్ళే వైపు, ఆవ్ నాంగ్ అనే తీరపు ఊరు ఉంది. మేము అక్కడ దిగాం. మొదటి రోజు పొద్దున గదిలోంచి బయటికి వస్తే వీధి మూల ఒక తోపుడు బండి. నలభై ఏళ్ళావిడ, తలకు గులాబీ రంగు హిజాబ్, మోచేతుల దాకా నూనె. నిమ్మకాయంత పిండి ముద్దను రేకు మీద చరిచి, రెండు చేతులతో ఎత్తి విసిరి, మళ్ళీ చరిచి, కింద రేకు కనబడేంత పలచగా సాగదీసింది. పెనం మీద వేసి, మధ్యలో గుడ్డూ అరటిపండు ముక్కలూ పెట్టి, నాలుగు వైపులా మడిచి, చతురస్రాలుగా కోసి, పైన చిక్కటి తీపి పాలు ధారగా పోసి ఇచ్చింది. దాని పేరు అక్కడా రొట్టే: రోటీ. నాకు చేతులు జోడించి నమస్కరించింది. నా స్నేహితురాలి వైపు తిరిగి సలాం చెప్పింది. మరునాటి నుంచి ఆ బండి దాటుతుంటే మమ్మల్ని ముందుగా పలకరించింది ఆవిడే.

మీరు వెళ్ళబోయేది ఇలాంటి చోటుకి. థాయిలాండ్‌లో బౌద్ధులే ఎక్కువ, నిజం. కానీ మలయా ద్వీపకల్పం మీదుగా మలేసియా వైపు దిగే కొద్దీ ముస్లిం ఊళ్ళు పెరుగుతాయి. అండమాన్ సముద్రపు ఒడ్డున ఉన్న క్రాబీ రాష్ట్రంలో ముస్లింలు గణనీయంగా ఉన్నారు. అదే రాష్ట్రంలోని కో లాంటా దీవిలో అయితే వాళ్ళే ఎక్కువ మంది. నిన్న మొన్న వచ్చి స్థిరపడినవాళ్ళు కారు, తరాలుగా ఆ సముద్రంలో చేపలు పట్టినవాళ్ళు. ఆవ్ నాంగ్‌లో సముద్రానికి వెళ్ళే పెద్ద రోడ్డు మీదే మసీదు ఉంది. తెల్ల హిజాబ్ వేసుకున్న బడిపిల్లలు మోటారు సైకిళ్ళ మీద వెళ్తుంటారు. దుకాణంలో చిల్లర ఇచ్చే అమ్మాయి, హోటల్లో గదులు శుభ్రం చేసే ఆవిడ, పడవ నడిపే అతని భార్య, వీళ్ళలో చాలా మంది వేషం మీ వేషమే. హిజాబ్‌తో నడిచే ఆడమనిషి అక్కడ వింత కాదు.

మీ మేనమామ ముఖం చిట్లించింది బహుశా వేరే నగరాల గురించి విన్న మాటలకు. ఇంకొందరు బంధువులు "దక్షిణ థాయిలాండ్‌లో గొడవలట కదా" అనవచ్చు, దానికీ సిద్ధంగా ఉండండి. 2004 నుంచి అశాంతి ఉన్నది పట్టానీ, యాలా, నరాథివాట్ అనే సరిహద్దు రాష్ట్రాల్లో. అవి దేశపు అటు అంచున, తూర్పు తీరం వైపు ఉన్నాయి. క్రాబీ ఆ లెక్కలోది కాదు.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆవ్ నాంగ్ వేరు, మీరు గదులు తీసుకున్న రైలే వేరు.

రైలే నేలకు అతుక్కునే ఉంది, కానీ వెనక నిటారైన సున్నపురాయి కొండలు గోడలా అడ్డం. రోడ్డు లేదు. పొడుగు తోక పడవల్లో పదీ పదిహేను నిమిషాలు వెళ్ళాలి. కార్లు లేవు, ఊరు అనదగ్గ ఊరూ లేదు. విడిదులూ, బార్లూ, కొండ ఎక్కే సాహసికులూ, నాలుగు తీరాలు. తూర్పు తీరంలో బురదా మడ చెట్లూ, ఈతకు పనికిరాదు. పడమటి తీరమూ ఫ్రా నాంగ్ తీరమూ మీ మరిది ఫొటోల్లో చూపించినవి. అక్కడ పగలంతా చాలీచాలని బట్టల్లో విదేశీయులు ఉంటారు. సాయంత్రమైతే కొన్ని చోట్ల బీరు సీసాలూ, నిప్పు తిప్పే ఆటలూ. ఒడ్డున గది తీసుకుంటే తలుపు తెరిచిన ప్రతిసారీ అదే కనబడుతుంది. పగలు వెళ్ళి చూసి వచ్చేవాళ్ళకు అది నాలుగు గంటల దృశ్యం. అక్కడే బస చేసేవాళ్ళకు అయిదు రోజుల ఇల్లు. మీ మనసు కలత పడింది ఈ తేడా దగ్గరే అని నాకు అనిపిస్తోంది, ఆ కలతలో న్యాయం ఉంది.

"అందరూ నిన్నే చూస్తారు" అన్న మీవారి మాట మాత్రం నిజం కాదు. ఆ ఇసుక మీద ఎండలో పడుకున్నవాళ్ళు ఎవరినీ చూడరు. స్థానికులు చూసినా పరాయి మనిషిని చూసినట్టు చూడరు. థాయి జనం, ముఖ్యంగా అక్కడి ముస్లిం ఆడవాళ్ళు, సముద్రంలోకి నిండు బట్టలతోనే దిగడం నేను కళ్ళారా చూశాను. మిమ్మల్ని గమనిస్తూ కూర్చునేది మీ ఇంటివాళ్ళే. మీ కష్టం తీరం దగ్గర లేదమ్మా, మీ వంటింటి గుమ్మం దగ్గర ఉంది. మరిది మాట విన్న ఆ రాత్రి నుంచి మీరు మిమ్మల్ని ఒక భారంగా లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు. "నేను మానేస్తే అందరికీ హాయి కదా" అన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

ఇక మీవారి సంగతి. "తీసేయ్" అన్న ఒక్క మాట వెనక ఏదైనా ఉండవచ్చు. విదేశీయుల మధ్య మీ పక్కన నడవడానికి సిగ్గుపడుతున్నారేమో. మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అంటారేమోనని భయపడుతున్నారేమో. పెళ్ళయిన కొత్తలో మీ జుట్టు గాలికి ఎగిరిన ఏదో ప్రయాణం గుర్తొచ్చి, అలాంటి అయిదు రోజులు మళ్ళీ కావాలనుకుంటున్నారేమో. మూడింటికీ మూడు వేరు వేరు జవాబులున్నాయి. సిగ్గు అయితే అది ఆయన దాటాల్సిన గట్టు, మీరు మోయాల్సిన మూట కాదు. భయమైతే పైన రాసినదంతా ఆయనకు చదివి వినిపించండి, సగం పోతుంది. మూడోదైతే, కోపం తెచ్చుకోకండి, అందులో ప్రేమ ఉంది. గది తలుపు వేసుకుంటే ఆ జుట్టు ఆయనదే అని మీరే నవ్వుతూ చెప్పవచ్చు. ఏదో తెలియకుండా జవాబు చెప్పబోతే మాట పెడదారి పడుతుంది. ముందు అడగండి: "తీసేయమన్నప్పుడు మీ మనసులో ఏముంది?" అని. పిల్లల ఎదుట కాదు, మరిది ఎదుట అసలే కాదు.

ఆయన చెప్పినట్టు చేస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. ఆ అయిదు రోజులు ప్రయాణం సాఫీగా సాగవచ్చు. కానీ అక్కడ ఎవరికీ తెలియదనేది భ్రమ. అందరి చేతుల్లో ఫోనులున్నాయి. మీరు విమానం దిగేలోపు ఫొటోలు చుట్టాలందరికీ చేరిపోతాయి. అంతకంటే పెద్దది, ఏడేళ్ళుగా మీకై మీరు ఎంచుకుని నిలుపుకున్నదాన్ని ఒకరి సౌకర్యం కోసం పక్కన పెడితే, తిరిగి వేసుకునేటప్పుడు అది మునుపటిలా ఉంటుందా? ఆ జవాబు మీకు మాత్రమే తెలుసు. ఒకవేళ తీసేయాలని మీకే లోపల ఎక్కడో ఉంటే, అది పూర్తిగా వేరే ఆలోచన. దాన్ని ఎవరి ఒత్తిడీ లేనప్పుడు, ఇంట్లో కూర్చుని, తీరిగ్గా చేయాలి. సెలవు రోజుల కోసం హడావిడిగా తేల్చుకునే విషయం కాదు.

మానేయడం గురించి. మానేస్తే ఆ రోజుకు గొడవ తప్పుతుంది. కానీ "వదిన వస్తే ఇబ్బంది" అన్న మాట ఇంట్లో ఒక నియమంగా స్థిరపడిపోతుంది. వచ్చే ఏడాది ప్రయాణానికి మిమ్మల్ని అడగనే అడగరు. మీ కూతురు కూడా చూస్తుంది, అమ్మీ తనలా ఉండాలంటే ఇంట్లోనే ఉండిపోవాలి అని. అయితే మీకు నిజంగానే ఆ ప్రయాణం మీద ఆశ లేకపోతే, అమ్మగారింట్లో వారం రోజులు హాయిగా గడపాలని ఉంటే, మానేయడంలో తప్పేమీ లేదు. కారణం మాత్రం "నాకు ఇష్టం లేదు" అనే కావాలి, "మీకు హాయి" అని కాకూడదు. మీ ఉత్తరంలో మాత్రం నాకు ఆశే కనిపించింది. "ఆ నీళ్ళు అంత ఆకుపచ్చగా ఎలా ఉంటాయో" అని ఒక మూల రాసి కొట్టేశారు. కొట్టేసినా కనబడింది.

అందుకే బస మార్చే దారి ఒకటి ఆలోచించమంటాను. గదులు రైలేలో రద్దు చేసి ఆవ్ నాంగ్‌లో తీసుకుంటే, రైలేకు ఒక రోజు పడవలో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మసీదు దగ్గర, హలాల్ భోజనం నడిచి వెళ్ళేంత దూరంలో, రాత్రి వీధిలో కుటుంబాలు తిరుగుతుంటాయి. నష్టం ఏమిటంటే, తలుపు తీయగానే సముద్రం అన్న మరిది కల తీరదు, ఆ కొండల కింద వెన్నెల చూడలేరు. అందరి మాటా నిలబెట్టాలంటే మూడు రాత్రులు ఆవ్ నాంగ్‌లో, రెండు రైలేలో ఉండవచ్చు. సామాను పడవెక్కించి దించే శ్రమ ఉంది, కానీ కుటుంబం రెండుగా చీలదు. మూడోది, అందరూ కలిసి కో లాంటా వెళ్ళిపోవడం. ప్రశాంతమైన తీరాలు, ముస్లిం ఊళ్ళు, అత్తగారికి తిండి బెంగే ఉండదు. కానీ వ్యానులో రెండు మూడు గంటల దారి, పిల్లలకు అంత సందడి ఉండదు, మరిది "ఇదంతా వదిన కోసమే" అని మళ్ళీ అనే వీలుంటుంది. అన్నీ చూస్తే నా మొగ్గు మూడూ రెండు రాత్రుల వైపు. ఖాయం చేసుకోవాల్సింది మీరే.

ఇందులో అత్తగారి మోకాళ్ళ సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఆవ్ నాంగ్ తీరంలో పడవ ఎక్కడానికి నీళ్ళలోకి నడవాలి. ఒక్కోసారి మోకాలి లోతు ఉంటుంది. పడవ అంచుకు వేలాడే చిన్న ఇనప నిచ్చెన తడిగా, జారుతూ, అలతో పాటు ఊగుతూ ఉంటుంది. అవతల దిగేటప్పుడూ అంతే. నా స్నేహితురాలు వేసుకున్న అబాయా (ఒంటి నిండా పడే పొడుగు అంగీ) అంచు మొదటి రోజు నీటిలో తడిసి బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంది, పడవవాడు చెయ్యి అందించకపోతే పడిపోయేదే. మరునాడు పొడుగు చొక్కా, కింద వదులు పైజామా వేసుకుని, పైజామా అంచులు మడిచి పిన్నులు పెట్టుకుంది. మీరూ అలాగే చేయండి, చెప్పులు చేతిలో పట్టుకోండి. ఈ పడవ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాల్సిందే. కానీ ఒక మనవి. అత్తగారి మోకాళ్ళను ముందు పెట్టి మీ మాట వెనక దాచకండి. బస మారాలని నేనూ కోరుకుంటున్నాను అని మీ నోటితో మీరు చెప్పాలి. లేకపోతే బస మారుతుంది, మీ స్థానం మారదు.

తిండి గురించి అత్తగారికి ధైర్యం చెప్పండి. థాయిలాండ్ కేంద్ర ఇస్లామిక్ మండలి హలాల్ ముద్ర ఇస్తుంది. వజ్రం ఆకారపు గడిలో అరబ్బీ అక్షరాలుంటాయి, బిస్కెట్ పొట్లాల మీద కూడా కనిపిస్తుంది. చిన్న హోటళ్ళ ముందు నెలవంకో, అరబ్బీలో హలాల్ అనో ఉంటుంది. పసుపు రంగు అన్నంలో కోడి ముక్క పెట్టి ఇచ్చే ఖావ్ మోక్ గై తింటే అత్తగారికి మన బిర్యానీకి దూరపు చుట్టంలా అనిపిస్తుంది. మస్సమన్ అనే కూర పేరు ముసల్మాన్ అన్న మాట నుంచే వచ్చిందంటారు, యాలకులూ దాల్చిన చెక్కా వేస్తారు. మామూలు హోటళ్ళలో "పంది వేయకండి" అనడానికి "మాయ్ సాయ్ మూ" అంటే చాలు, కానీ బాణలి సమస్య దాంతో తీరదు, కొన్ని చోట్ల వేపుడుకు పంది కొవ్వే వాడతారు. కాబట్టి అత్తగారిది చాదస్తం కాదు. ముస్లిం హోటల్లోనే తినాలన్న ఆమె మాట అక్కడ సులువుగా నెరవేరే కోరిక. రైలేలో అలాంటివి తక్కువ, ఆవ్ నాంగ్‌లో ఎక్కువ.

తిండి దగ్గర మీరు ఊహించని చిక్కు ఇంకొకటి ఉంది. ఇస్లాం ధర్మశాస్త్రంలో వేరు వేరు పద్ధతులున్నాయి కదా, అక్కడి ముస్లింలు ఎక్కువగా షాఫయీ పద్ధతివాళ్ళు. సముద్రంలోంచి వచ్చిన పీత, కణవ, నత్త వాళ్ళకు హలాలే. మీరు హనఫీ పద్ధతివాళ్ళమని రాశారు. హనఫీ పద్ధతిలో సముద్రంలోంచి చేప మాత్రమే, రొయ్య గురించి ఆ పండితుల్లోనే భేదాభిప్రాయం ఉంది. హలాల్ బోర్డు ఉన్న హోటల్లోనే, హిజాబ్ వేసుకున్న అమ్మాయే పళ్ళెం నిండా పీతలు తెచ్చి పెడితే అత్తగారు కంగారు పడవచ్చు, మరిది "ఇక్కడివాళ్ళు తింటున్నారుగా" అని లాగించవచ్చు. అక్కడ వాదన మొదలైతే భోజనం చేదవుతుంది. బయలుదేరే ముందే మీ ఆలింను, అంటే మత పండితుణ్ణి, అడిగి, ఎవరు ఏది తింటారో వాళ్ళ ఇష్టానికి వదిలేద్దాం అని అనుకోండి.

నమాజు దగ్గర మరిది వేసిన లెక్క తప్పు. మీరు లెక్కల టీచరు కదా, సరిచేయండి. ప్రయాణికులకు ఖస్ర్, అంటే నమాజును కుదించుకునే వీలు, ఉంది. హనఫీ పద్ధతిలో పదిహేను రోజుల లోపు ఉండబోయే బాటసారి జొహర్ (మధ్యాహ్నం), అసర్ (సాయంత్రం), ఇషా (రాత్రి) నమాజులు నాలుగుకు బదులు రెండు రకాతులే (నమాజులో ఒక్కో ఆవృత్తి) చేస్తారు. జనవరిలో అక్కడ జొహర్ పన్నెండున్నర దాటాక మొదలవుతుంది, సూర్యాస్తమయం ఆరూ ఇరవై ప్రాంతం. పొద్దున పడవెక్కి మూడింటికి తిరిగి వస్తే జొహర్‌కు సమయం మిగిలే ఉంటుంది. అందరూ బయట తిరిగే వేళలో పడేవి జొహర్, అసర్ రెండే. వజూతో, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడంతో, కలిపి ఒక్కొక్కదానికి పది నిమిషాలు అనుకున్నా రోజుకు ఇరవై నిమిషాలు. మరిది పడవ కోసం నిలబడే సమయం అంతకంటే ఎక్కువ, ఎందుకంటే ఆ పడవలు ఎనిమిది మందో ఎంతమందో నిండితేగానీ కదలవు. సముద్రపు నీటితో వజూ చెల్లుతుంది, నీళ్ళకు వెతుక్కునే పనీ లేదు. హోటల్ స్నానాల గదుల్లో చేతి షవర్ ఉంటుంది, శుభ్రతకు ఇబ్బంది లేదు. జొహర్, అసర్ కలిపి చేసుకోవచ్చా అన్నదానిపై మీ ఆలిం మాటే తీసుకోండి, అందులో షాఫయీలకూ హనఫీలకూ దారులు వేరు.

రైలే పడమటి తీరంలో సాయంత్రం జనమంతా సూర్యాస్తమయం చూడడానికి సముద్రం వైపు తిరిగి కూర్చుంటారు. అక్కడి నుంచి ఖిబ్లా, అంటే నమాజుకు తిరగాల్సిన మక్కా దిక్కు, పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. అంటే జనవరిలో సూర్యుడు మునిగే చోటుకు బాగా కుడివైపు. సూర్యాస్తమయం కాగానే చేసే మగ్రిబ్ నమాజుకు నా స్నేహితురాలు చెట్ల కింద ఒక శాలువా పరుచుకుంది. తీరమంతా సముద్రం వైపే చూస్తోంది, ఆమే అటే చూస్తోంది. పక్కన ఇసుకలో ఆడుకుంటున్న ఒక విదేశీ పాప ఆగి చూసి, మళ్ళీ తన ఆటలో పడిపోయింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

ఫ్రా నాంగ్ తీరంలో ఒక గుహ ఉంది, పిల్లలను ముందే సిద్ధం చేయండి. అందులో సముద్రపు రాకుమారిగా కొలిచే దేవతకు జాలర్లు క్షేమం కోరి చెక్కతో చెక్కిన పురుషాంగం ఆకారపు బొమ్మలు సమర్పిస్తారు. రంగు రంగుల కొయ్యలు గుట్టగా ఉంటాయి. అత్తగారు చూస్తే కంగారు పడతారు. అది వాళ్ళ మొక్కు అని పిల్లలకు ఒక్క ముక్కలో చెప్పి ముందుకు నడవండి.

మీ కొడుక్కి ఒక రోజు కేటాయించండి. క్రాబీకి ఉత్తరంగా ఫాంగ్‌ఙా అఖాతంలో కో పన్యీ అనే ఊరు ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర జావా నుంచి వచ్చిన ముస్లిం జాలర్లు నీళ్ళ మీద గుంజలు పాతి కట్టుకున్నారు. ఇళ్ళూ బడీ అన్నీ గుంజల మీదే, బంగారు రంగు గుమ్మటంతో మసీదు. ఆడుకోవడానికి నేల లేక 1986లో అక్కడి పిల్లలు పాత చెక్కలతో నీటి మీద తేలే ఫుట్‌బాల్ మైదానం కట్టుకున్నారు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఆ ఒక్క రోజును పదేళ్ళు చెప్పుకుంటాడు. ఆ ఊళ్ళో సారా దొరకదు, మీ మరిదికి కూడా ఒక రోజు విశ్రాంతి.

మీ కూతురి గురించి చివరికి రాస్తున్నాను, ఎందుకంటే అక్కడే మీరు ఎక్కువ గాయపడ్డారనుకుంటాను. పద్నాలుగేళ్ళప్పుడు అమ్మ ఏది వేసుకున్నా పిల్లలకు సిగ్గే. చీర కట్టుకున్న అమ్మలూ ఆ మాట పడ్డారు, జీన్స్ వేసుకున్న అమ్మలూ పడ్డారు. ఆమె మాటను మీ హిజాబ్ మీద తీర్పుగా తీసుకోకండి. ఆ అమ్మాయి నీళ్ళలోకి దిగుతుంటే మీరు కొంచెం దూరంగా దిగండి, కానీ దిగండి. ఒడ్డున సంచుల కాపలాకు కూర్చోకండి. ఆ ఎండకు చర్మం కాలకుండా విదేశీయులు కూడా పొడుగు చేతుల ఈత చొక్కాలు వేసుకుంటారు. తను ఏది వేసుకుంటుందో తోడికోడలు ముందు కాకుండా మీరిద్దరే మాట్లాడుకోండి. ఆమె మాట ముందు వినండి, తర్వాత మీకు ఏది సమ్మతమో చెప్పండి. మీకు పనికొచ్చే ఈత దుస్తులు ఇక్కడే కొని, ఒకసారి తొడిగి, తడిపి చూసుకోండి. హోటల్ కొలనులో నూలు బట్టలతో దిగనివ్వని చోట్లు ఉంటాయి, ఈతకు కుట్టిన బట్ట అయితే పేచీ ఉండదు. హోటల్‌కు ముందే రాసి అడగండి.

డిసెంబరు 20కి ముందు వచ్చే ఏదో ఒక ఆదివారం, పిల్లలు బయటికి వెళ్ళిన గంట చూసుకుని, మీవారిని కూర్చోబెట్టండి. మొదటి పది నిమిషాలు పడవలూ గదులూ ఎత్తకండి. ఆ మాట ఎందుకన్నారో అడిగి, ఆయన చెప్పేది పూర్తిగా విని, వంటింటి దగ్గర మీ చెవిన పడినదాన్ని కూడా చెప్పండి. అది ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. ఆ తర్వాత మూడు రాత్రులు ఆవ్ నాంగ్‌లో, రెండు రాత్రులు రైలేలో అన్న కాగితం ఆయన ముందు పెట్టండి. ఆయనకు నచ్చితే తమ్ముడికి ఆయనే ఫోను చేయనివ్వండి, మీరు చేయకండి.